తెరిసమ్మ రాసిన రెండు రిజిస్టర్లు

అనంతగిరి మండలంలో తారురోడ్డు వదిలి, గెడ్డ అనే కొండవాగు దాటి, కాఫీ తోటల మధ్య గంటన్నర నడిస్తే జీలుగువలస. ముప్పై ఎనిమిది గడపలు. ఆ ఊరి అంగన్వాడీ టీచరు తెరిసమ్మ మిషన్ బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివింది. 1991లో ఉద్యోగం వచ్చేనాటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు. భర్త టైటస్ ఆదివారం చర్చిలో గంట కొట్టేవాడు, మిగతా ఆరు రోజులూ రైల్వే లైను మీద కంకర మోసేవాడు. అంగన్వాడీకంటూ గది లేదు. చర్చి వరండాయే కేంద్రం. వాన జల్లు కొడితే పిల్లల్ని లోపల బల్లల మీద కూర్చోబెట్టేది. పాస్టరు గారు సణిగితే, "దేవుడు గుంటల్ని రానియ్యమన్నాడు గదండీ" అని నోరు మూయించేది.

పిల్లలకు పిండి వండి పెట్టడం, తూకం వెయ్యడం, పాటలు చెప్పడం ఆమెకిష్టం. కానీ ఉద్యోగంలో సగం రాతపని. ఇంటింటి సర్వే రిజిస్టరు, గర్భిణుల రిజిస్టరు, పుట్టిన బిడ్డల రిజిస్టరు, పిండీ నూనే ఇచ్చిన రిజిస్టరు... మొత్తం పదకొండు. అన్నిటినీ ఒక రేకు పెట్టెలో ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టేది. నెలకోసారి సూపర్‌వైజరు కొండెక్కి వచ్చి, ఆయాసం తీర్చుకుని, ప్రతి పుస్తకం చివరి పేజీ తెరిచి సంతకం గీకి దిగిపోయేది. పదకొండింటిలో ఏ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివిన మనిషి చాలాకాలం ఎవరూ లేరు.

తెరిసమ్మ రాసిన మొదటి 'అనాథ' నిజమైన అనాథే. 1998లో ఒక పిల్లాడికి తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. రోడ్డు మీది ఆశ్రమ పాఠశాల హాస్టల్లో చేర్చడానికి తీసుకెళితే, హెడ్మాస్టరు తెరిసమ్మ ఉత్తరం, దాని కింద సర్పంచి సంతకం చూసి వెంటనే చేర్చుకున్నాడు. వంద సీట్లకు మూడొందల మంది వచ్చారు ఆ ఏడు. తల్లిదండ్రులు లేని పిల్లలకు ముందు ఇవ్వాలని పైనుంచి ఆర్డరు ఉందట. మిగిలిన రెండొందలమందీ వెనక్కి నడిచారు.

రెండో పిల్లకి తండ్రి పోయాడు, తల్లి మారు మనువు చేసుకుని ఒడిశా వైపు ఊరికి పోయింది. ఈ కొండల్లో అదేమీ విడ్డూరం కాదు. పిల్ల మేనమామ ఇంట్లో తింటుంది, మేనమామ దుప్పట్లో పడుకుంటుంది. సర్వే కాగితంలో మేనమామకి గడి లేదు. తల్లి: ఉన్నారు, లేరు. తండ్రి: ఉన్నారు, లేరు. అంతే. తెరిసమ్మ కాసేపు ఆలోచించి రెండుచోట్లా 'లేరు' అని రాసింది. మూడో పిల్లకి ఇద్దరూ నిక్షేపంలా ఉన్నారు. అప్పటికి చెయ్యి అలవాటు పడింది.

2003 నాటికి అనాథలని రాసిన పేర్లు మొత్తం ఇరవై మూడు. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. ఎవరైనా పనసకాయో, శేరు చోళ్ళో, అంటే రాగులో, తెచ్చిస్తే వద్దనలేదు. ఆ పిల్లలకి మూడుపూటలా అన్నం, ఒక పుస్తకం, రాత్రి పడుకోవడానికి కురవని కప్పూ దొరికాయి. సీటు కోసం ఒక తల్లి కాగితం మీద చచ్చిపోవాల్సిన ఏర్పాటు చేసినవాళ్ళు వేరే ఉన్నారు. తెరిసమ్మ ఆ ఏర్పాటులో దొరికిన సందులోంచి పిల్లల్ని లోపలికి తోసింది. నేను ఆమె తప్పేమీ లేదనడం లేదు. ఎవరి తప్పు ముందు, ఎవరిది తర్వాత అనే వరస గుర్తుపెట్టుకోమంటున్నాను.

ఇరవై మూడు పేర్లలో ఒకటి సోని.

సోని తండ్రి మల్లేశు 1999లో మలేరియాతో పోయాడు. మూడు రోజుల జ్వరం. డోలీ కట్టి మోసుకొస్తుంటే గెడ్డ దగ్గరే ప్రాణం పోయింది. ఏడాది తిరక్కుండా మల్లేశు భార్య ఈశ్వరమ్మని అతని తమ్ముడు మంగ్లు ఏలుకున్నాడు. అన్న పోతే వదిన తమ్ముడింటికి రావడం అక్కడి పద్ధతి. సోని అతన్ని సిన్నయ్య అనే పిలిచేది. అతను సంతకెళితే జిలేబీ పొట్లం ఆ పిల్ల చేతికే ఇచ్చేవాడు.

2001 జూన్‌లో ఈశ్వరమ్మ చర్చి వరండాకి వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చుంది. మంగ్లు బిడ్డ కడుపులో ఆరో నెల. పిండీ నూనే తీసుకోవడానికి వచ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళు తెరిసమ్మని అప్పా, అంటే అక్కా, అని పిలుస్తారు.

"అప్పా, మా సోనికి ఆ బల్లో సీటు కావాల."

"ఆళ్ళయ్య లేడని రాస్తానే. తల్లున్నాది గదా, సీటు రాదు."

"నన్ను కూడా సంపీసెయ్యి మరి, కాయితం మీద."

"ఏటే ఈశ్వరీ ఆ మాటలు? కడుపుతో ఉన్నదాన్ని నా సేత్తో సంపమంతావేటి?"

"కాయితం మీద సచ్చినోలికి నొప్పేటప్పా? గుంట అన్నం తింతాది." ఈశ్వరమ్మ నవ్వింది. పక్కనే పిండి తూకం వేయించుకుంటున్న రత్నాలు కూడా నవ్వింది. రత్నాలు కూతురు కనక అప్పటికే ఆ దారినే బడిలో చేరింది. "సచ్చినా మన ఊసులు తగ్గవులే. నాను సచ్చి ఏడాది అయినాది, సూడు ఎలగున్నానో!" అంది రత్నాలు.

తెరిసమ్మ రాసింది. సర్వే రిజిస్టరులో సోని తల్లి ఎదురుగా 'లేరు'. తర్వాత ఆ పుస్తకం మూసి, పిండి రిజిస్టరు తెరిచి, గర్భిణీ ఈశ్వరమ్మ, ఆరో నెల, పిండి ఇంత, నూనె ఇంత అని రాసి, ఈశ్వరమ్మ బొటనవేలు పట్టి సిరా అద్ది ముద్ర వేయించింది. అదే చెయ్యి, అదే పెన్ను, అదే పూట. రెండు పుస్తకాలూ పెట్టెలోకి పోయాయి.

ఇంటికెళ్ళే దారిలో ఈశ్వరమ్మ కూతురికి పాఠం చెప్పింది. "ఎవులడిగినా అమ్మా అయ్యా లేరని సెప్పాల. ఏటి సెప్తావు?"

"లేరు."

"నవ్వుతా సెప్పకు, నమ్మరు."

"లేరు" అంది సోని మూతి బిగించి. ఆ పిల్లకి ఆరేళ్ళు.

2004లో గాయత్రి అనే అమ్మాయి వచ్చింది. విశాఖపట్నంలో ఒక పరిశోధన సంస్థలో పనిచేసేది. ఏజెన్సీలో పెద్దల సంరక్షణ లేని పిల్లలు ఎందరున్నారో, ఎక్కడున్నారో తేల్చడం ఆమె పని. ఇంటింటికీ తిరగడానికి సంస్థ దగ్గర మనుషులూ లేరు, కాలమూ లేదు. ప్రభుత్వం దగ్గర ముందే ఉన్న పుస్తకాలు, అంటే అంగన్వాడీ సర్వే, బడి అడ్మిషన్లు, పంచాయతీ చావుల పుస్తకం, ఈ మూడింటిలో పేర్లు ఎక్కించుకుని, కంప్యూటర్లో ఒకదానితో ఒకటి కలిపి చూస్తే సరిపోతుందని పెద్దలు చెప్పారట. నలభై ఒక్క ఊళ్ళు ఆమె వంతు. జీలుగువలసలో ఆరు రోజులు తెరిసమ్మ ఇంట్లోనే ఉంది. గెడ్డలో జారిపడింది, జలగలు కరిస్తే ఏడ్చింది, చోడి అంబలి మూడో రోజుకి అలవాటు చేసుకుంది. మంచి పిల్ల.

ఐదో రోజు మధ్యాహ్నం తెరిసమ్మ సామలు చెరుగుతుంటే గాయత్రి కాగితాలు పట్టుకుని వచ్చింది.

"టీచర్ గారూ, మీ ఊళ్ళో ఇరవై ముగ్గురు పిల్లలకి అమ్మా నాన్నా ఇద్దరూ లేరు. వాళ్ళలో అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఉన్నారనుకున్నా ముప్పైమంది దాకా పెద్దవాళ్ళు పోయి ఉండాలి. పంచాయతీ పుస్తకంలో ఏడుగురే ఉన్నారు. మిగతా వాళ్ళు ఏమయ్యారండీ?"

చేట ఆగింది. సరిగ్గా అడగవలసిన ప్రశ్న అది. ఇన్నేళ్ళలో ఒక్క ఆఫీసరూ అడగలేదు.

"మాకాడ సావులు ఎవులు రాయించుతారమ్మ? పూడిసీసి వొచ్చీసి, కల్లు తాగి తొంగుంతారు" అంది తెరిసమ్మ.

అదీ నిజమే. మలేరియా ఏడు ఎందరు పోయారో ఏ పుస్తకంలోనూ లేదు, మల్లేశు కూడా లేడు. ఒక నిజం తెచ్చి ఒక అబద్ధం మీద కప్పింది తెరిసమ్మ. గాయత్రి తల ఊపి, 'మరణాల నమోదు తక్కువ' అని రాసుకుంది.

నివేదిక వచ్చింది. ఆ నలభై ఒక్క ఊళ్ళలో పదకొండుమంది పిల్లలకి ఒకరు అనాథ అని మొదటి పేజీలోనే ఉంది. అలాంటి పిల్లల్ని బంధువులే పెంచుతున్నారు, ఆ బంధువులకి సాయం చెయ్యండి, పిల్లల్ని ఊరు దాటించకండి అని గాయత్రి ముప్పై ఆరో పేజీలో రాసింది. సంక్షేమ శాఖలో ముప్పై ఆరో పేజీ దాకా వెళ్ళినవాళ్ళు లేరు. ఆమె పిల్లల పేర్లు తీసేసి అంకెలే ఇచ్చింది. అంకె చూసి కంగారుపడ్డ శాఖ పేర్లు పంపమని బడులకి రాసింది. పేర్లు బడుల్లో సిద్ధంగా ఉన్నాయి, తెరిసమ్మ ఉత్తరాలతో సహా.

2005 వేసవి సెలవులకి కొత్త ఆర్డరు వచ్చింది. ఎవరూ లేని పిల్లల్ని సెలవుల్లో కొండల మీదికి వదలొద్దు, మైదానంలోని బాలల ఆశ్రమాలకి చేర్చండి, కుదిరితే పెంచుకునే కుటుంబాల్లో పెట్టండి. వినడానికి ఎంత దయగా ఉందో చూడండి.

ఏప్రిల్ నెలాఖరున బడి మూసే రోజుకి జీలుగువలస ఇటుకల పండగలో ఉంది. ఆ పండగ రోజుల్లో దుక్కి దున్నరు. మగవాళ్ళు విల్లంబులూ తుపాకులూ పట్టుకుని వేటకి పోతారు. ఉత్త చేతులతో దిగితే ఆడవాళ్ళు పేడనీళ్ళు గుమ్మరిస్తారు. అందుకని ఏదో ఒకటి పడేదాకా దిగరు. మంగ్లు వాళ్ళ జట్టు మూడో రోజైనా కొండ మీదే ఉంది. ఈశ్వరమ్మ పురుటి మంచం మీద ఉంది, తొమ్మిదో రోజు. రత్నాలు ముందురోజే బడికెళ్ళి, పెద్దమ్మనని వేలిముద్ర వేసి కనకని తెచ్చుకుంది. సోనిని కూడా రమ్మంది.

"రేపు సిన్నయ్యొస్తానన్నాడు. జిలేబీ కొంటానన్నాడు" అని సోని ఆగిపోయింది.

మర్నాడు జీపు వచ్చింది. ఆ బడిలో ఇంకా మిగిలి ఉన్న 'అనాథలు' ఐదుగురు, వాళ్ళలో జీలుగువలస పిల్ల సోని ఒక్కతే. జీపు ఎక్కించి కొండ దింపారు. జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు నిలబెట్టి పద్ధతి ప్రకారం అడిగారు. అమ్మా నాన్నా ఉన్నారా? సోని మూతి బిగించి, ఎదురుగా చూస్తూ, "లేరు" అంది. పదేళ్ళ పిల్ల అంత స్థిరంగా చెప్పాక ఎవరు మాత్రం అనుమానిస్తారు?

మంగ్లు కుందేలుని కొట్టి దిగి, స్నానం చేసి, రెండు రోజులకి బడికి వెళితే గేటుకి తాళం.

"జీపొచ్చి తీసుకెల్లిపోనాది గదా అనాదల్ని" అన్నాడు కాపలావాడు.

"అనాదేటి? నాను ఉన్నాను గదేటి!"

"నువ్వెవులివి?"

మంగ్లు తిరిగి కొండెక్కాడు. ఊరికొచ్చి సరాసరి చర్చి వరండాకి వెళ్ళాడు. తిడతాడనుకుంది తెరిసమ్మ. అతను తిట్టలేదు. చేతిలో జిలేబీ పొట్లం అలాగే ఉంది.

నెలయినా నిండని బిడ్డని గుడ్డలో కట్టుకుని ఈశ్వరమ్మ, పక్కన తెరిసమ్మ, రైలెక్కి దిగువకి వెళ్ళారు. బాలల ఆశ్రమం మేనేజరు రవిబాబు మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు, మజ్జిగ ఇప్పించాడు. పిల్లని అప్పటికే ఒక ఉద్యోగస్తుల జంటకి పెంపకానికి ఇచ్చారు. సంతానం లేనివాళ్ళు, మంచివాళ్ళు, ఇంగ్లీషు బడిలో వేస్తున్నారు అన్నాడు.

"నేను తల్లిని బాబూ" అంది ఈశ్వరమ్మ.

"కాదనడం లేదమ్మా. కాగితం ఏదైనా ఉందా?"

రేషన్ కార్డు తీసింది. అందులో మంగ్లు, ఈశ్వరమ్మ, మంగ్లు కొడుకు. సోని పేరు లేదు. హాస్టల్లో తింటోంది కదా అని 2001లోనే కొట్టేశారు. పుట్టిన కాగితం లేదు. రవిబాబు ఫైలు తిప్పి ఒక ఉత్తరం బయటికి తీశాడు. గుండ్రటి అక్షరాలు.

"ఈ సంతకం ఎవరిదమ్మా?"

"నాదే బాబూ" అంది తెరిసమ్మ.

కమిటీ ముందూ అదే జరిగింది. ఒక పెద్దావిడ కళ్ళద్దాలు సర్దుకుని అడిగింది. "అప్పుడు అబద్ధం రాశానంటున్నావు. ఇప్పుడు చెప్పేదీ అబద్ధం కాదని ఎలా నమ్మమంటావు? రేపెవరో వచ్చి మేమూ తల్లులమే అంటే పిల్లల్ని పంచిపెట్టేయాలా? కాగితం తీసుకురా." సర్పంచిని సాక్ష్యం రమ్మంటే, ఆ ఉత్తరాల కింద తన సంతకాలూ ఉన్నాయి కాబట్టి ఒంట్లో బాగాలేదన్నాడు. ఆ ఏడాదంతా బాగాలేకుండానే ఉన్నాడు.

తెరిసమ్మ గాయత్రికి ఉత్తరం రాసింది. గాయత్రి వచ్చింది. ఈసారి గెడ్డ దగ్గర జారలేదు. అంతా విని అడిగింది.

"ఆ రోజు అడిగాను కదండీ. నాకెందుకు చెప్పలేదు?"

"సెప్తే మా గుంటల సీట్లు నువ్విత్తావేటమ్మ?"

గాయత్రి కాగితాలు ముందుకి లాక్కుంది. తనకి తెలిసిన ఒకే దారిలో ఆలోచించింది. "ఈశ్వరమ్మ 2001 తర్వాత బతికే ఉందని, సోని తల్లి ఈమేనని చెప్పే పుస్తకం ఇంకేదైనా ఉందా? ఏ ఆఫీసుదైనా సరే. రెండూ కలిపి చూపిస్తే కాదనలేరు."

తెరిసమ్మకి తెలుసు. రేకు పెట్టెలో పిండి రిజిస్టరు, కింది నుంచి మూడోది. గర్భిణి ఈశ్వరమ్మ, భర్త మంగ్లు, మొదటి భర్త మల్లేశు, పెద్ద కూతురు సోని అని తన చేత్తోనే రాసింది. నెలనెలా వేలిముద్రలు. కానీ ఆ పుస్తకంలో ఈశ్వరమ్మ ఒక్కతే లేదు. రత్నాలు ఉంది. సర్వే పుస్తకంలో చచ్చిపోయిన తల్లులు చాలామంది అందులో బతికి, పిండి తీసుకుని, నూనె తీసుకుని, బిడ్డల్ని కని ఉన్నారు. ఒక పేజీ బయటికి తీస్తే ఊరంతా బయటికొస్తుంది.

ఆలోచించి చెబుతానంది.

ఊళ్ళో గుట్టు ఎంతసేపు? ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ వరండాలోనే కూర్చున్నారు. ముగ్గురు అప్పటికే చదువు మానేసి వచ్చినా, హాస్టల్లో ఇంకా తప్పుడు కాగితంతో చేరిన పదిహేడుమంది పిల్లలున్నారు.

"ఆ పుస్తకం పొయ్యిలో పెట్టీ అప్పా" అంది రత్నాలు. "సెదలు తినీసింది అను. ఎలక కొట్టీసింది అను. నీకు అబద్దాలు కొత్తేటి?"

ఎవరో నవ్వబోయి ఆపేశారు.

"సోని సంగతేటి మరి?" అన్నాడు టైటస్.

"సోని మేడలో ఉంది. బూట్లేసుకుని బడికెల్తాది. ఏటి కష్టం దానికి? మా కనక లెక్కల్లో పస్టు. దాన్ని మల్లీ కాఫీ తోటలోకి తోలమంతావా?"

అందరూ ఈశ్వరమ్మ వైపు చూశారు. ఆమె చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని, నేల చూస్తూ ఉంది.

"ఒద్దప్పా" అంది చివరికి. "పదేడు గుంటలు. నాను ఒక్కదాన్ని. ఒగ్గీ."

ఈశ్వరమ్మ గట్టిగా ఏడ్చి అడిగి ఉంటే, తెరిసమ్మ ఇంకా కొన్నాళ్ళు నాన్చేదేమో. ఆమె వద్దన్నాక ఇంక ఆగలేకపోయింది. మర్నాడు పెట్టె తెరిచి రెండు పుస్తకాలూ సంచిలో పెట్టుకుంది. టైటస్ రోడ్డు దాకా సంచి మోసి బస్సెక్కించాడు.

గాయత్రి తెలివిగానే ప్రయత్నించింది. ఆ ఒక్క పేజీ జిరాక్సు తీయించి, ఎడమవైపు చనిపోయిన ఈశ్వరమ్మని, కుడివైపు వేలిముద్ర వేసిన ఈశ్వరమ్మని అతికించి ఇచ్చింది. కళ్ళద్దాల ఆవిడ చాలాసేపు చూసింది. "పుస్తకం మొత్తం ఇవ్వండి" అంది.

ఇచ్చారు. విచారణ ఏడాది నడిచింది. 2006 జూలైలో సోనిని తల్లికి అప్పగించమని ఆర్డరు అయింది. అదే వారంలో ఇంకో రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి తప్పుడు ధ్రువీకరణలు ఇచ్చినందుకు తెరిసమ్మని ఉద్యోగం నుంచి తీసేస్తూ. రెండోది తప్పుడు ధ్రువీకరణలతో చేరిన పదిహేడుమంది పిల్లల పేర్లు హాస్టల్ నుంచి కొట్టేస్తూ. ప్రతి పేజీ కిందా సంతకం పెట్టిన సూపర్‌వైజరుకి మెమో ఇచ్చి ఊరుకున్నారు. సర్పంచికి ఒంట్లో బాగైంది. తర్వాతి ఏడాది శాఖ పుస్తకంలో, తీసుకున్న చర్యల ఫలితంగా ఆ ఊరి అనాథల సంఖ్య ఇరవై మూడు నుంచి రెండుకి తగ్గిందని అచ్చయింది. అబద్ధమేమీ కాదు.

సోనిని పెంచిన ఆవిడ రైల్వేస్టేషను దాకా వచ్చింది. సంచీలో నాలుగు గౌన్లు, ఒక బొమ్మల పుస్తకం పెట్టి, పిల్ల తల మీద చెయ్యి వేసి, రైలు కదలకముందే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆమెనీ ఎవరో ఒక కాగితం చూపించి తల్లిని చేశారు, ఇంకో కాగితం చూపించి తీసేశారు.

మొదటి నెల సోని ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. గెడ్డలో స్నానానికి సిగ్గుపడేది. ఊళ్ళో బడి పేరుకుంది, మాస్టరు నెలకి నాలుగుసార్లు వచ్చేవాడు. హాస్టల్లో సీటు లేదు. చలికాలం రాగానే తల్లితో కాఫీ పళ్ళు కొయ్యడానికి వెళ్ళింది. ఒకరోజు తోట గట్టు మీద తెరిసమ్మ కూడా కూలికి వచ్చి పళ్ళు కోస్తుంటే, ఆ పిల్ల పక్కకి వచ్చి అడిగింది.

"టీచర్, నేను అక్కడే ఉండిపోతే మన కనక ఇంకా బళ్ళో ఉండేదా?"

"ఉండేది."

పిల్ల ఇంకో కొమ్మ వంచుకుంది. "ఉన్నారని ఎవులికీ సెప్పొద్దంది మా అమ్మ. నేను రాత్రిపూట మాత్రం 'ఉన్నారు' అనుకునేదాన్ని."

తెరిసమ్మ బుట్ట దించి కూర్చుండిపోయింది. మేస్త్రి అరిచేదాకా లేవలేదు.

పదిహేడుమందిలో ఇద్దరు సాలూరు వైపు మేనమామల ఇళ్ళకి పోయి చదువుకున్నారు. నలుగురు ఇటుకబట్టీలకి వెళ్ళారు. ఒక పిల్లకి పదమూడో ఏటే పెళ్ళయింది. మిగతావాళ్ళు తోటలూ, పశువులూ. కనకని, సంతలో కనబడ్డ ఒకావిడ విశాఖపట్నంలో ఎవరింట్లోనో చంటిపిల్లని ఆడించడానికని తీసుకెళ్ళింది. తిండి పెడతారు, బళ్ళో కూడా వేస్తారని చెప్పిందట.

ఉద్యోగం పోయాక తెరిసమ్మ సంతలో ఒక గీతల నోటుపుస్తకం కొంది. ఎవరూ అడగలేదు, ఎవరూ సంతకం పెట్టరు. ఆదివారాలు ప్రార్థన అయ్యాక ఇంటింటికీ తిరిగి, పేరు కొట్టేసిన పిల్లలు ఎక్కడున్నారో, ఎవరి దగ్గర తింటున్నారో రాసుకునేది. కొన్ని ఇళ్ళవాళ్ళు చూసీచూడనట్టు ఉండేవారు. ఒకరు కుక్కని ఉసిగొల్పారు. రత్నాలు గడప మాత్రం ఆమె ఏడాదికి పైగా తొక్కలేదు.

2007 చలికాలంలో తొక్కింది. రత్నాలు పొయ్యి దగ్గర కూర్చుని చోడి పిండి కలుపుతోంది. తలెత్తి చూసి, మళ్ళీ దించుకుంది.

"ఇంకేటి రాసుకుంతావే తల్లీ, ఇక్కడ ఇంకెవులున్నారు రాయడానికి?"

తెరిసమ్మ గుమ్మంలోనే నిలబడింది. కాసేపటికి రత్నాలు ఒక పీట కాలితో ఇటు తోసింది. క్షమించానని కాదు, నిలబడ్డ మనిషిని చూడలేక.

"కూకో. అంబలి తాగుతావా?"

"తాగుతాను."

ఇద్దరూ తాగారు. పొగ కళ్ళలోకి వస్తోంది. తెరిసమ్మ గిన్నె కడిగి బోర్లించి, పుస్తకం తెరిచింది.

"కనక ఎక్కడున్నాది రత్నాలూ?"

"ఇసాపట్నం."

"ఇసాపట్నంలో ఎక్కడ?"

"ఏమో. ఒకసారి పోన్ సేసినాది, సంతకాడ కొట్టుకి."

"వీధి పేరు సెప్పిందా? ఇంటాయన పేరు?"

"లేదప్పా. ఏడ్సింది. అంతే."

"ఇంకేటి సెప్పింది? గురుతు ఏదైనా?"

రత్నాలు చేతికంటిన పిండి గీక్కుంటూ ఆలోచించింది. ఒకటొకటిగా గుర్తు చేసుకుని చెప్పింది. తెరిసమ్మ గుండ్రటి అక్షరాలతో, ఒక్క మాటా కలపకుండా, ఉన్నదున్నట్టు రాసింది.

కనక. వయసు పన్నెండు. తల్లి రత్నాలు, ఉంది. తండ్రి ఉన్నాడు. విశాఖపట్నం. మేడ ఇల్లు. మెట్లు చాలా ఎక్కాలి. కిటికీలోంచి సముద్రం కనిపించదు.